పట్టుకునే ముందే ఇడిసేది రాసిన మా సార్

సార్ పోయినారని తిరుచానూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆయన కుర్చీలోనే కూర్చోనుండాను. పోయినేడు రిటైరై పోతా, నాకంటే పాతోళ్లు ఉండినా నాకే అప్పగించిన కుర్చీ. ఫోన్‌లో వాళ్ల పక్కింటాయన. "పొద్దున కాఫీ తాగినారమ్మా, పేపరు అడిగినారు. పేపరు తెచ్చేలోపల అయిపోయింది" అన్నాడు. సరేనండీ అని పెట్టేసినాను. చావు కబురుకి సరే అంటారా ఎవరైనా? నా నోటికి అదే వచ్చింది.

మాది తిరుపతిలో ఒక కంప్యూటర్ సెంటరు. ఆఫీసు పేరు చెప్పను, నేనింకా ఆడనే జీతం తీసుకుంటా ఉండాను. కిటికీ లేని గది, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, లోపల ఏసీ హోరు. బయట రోడ్డు మీద తారు కరుగుతా ఉంటే లోపల మేము స్వెట్టర్లు ఏసుకోని కూర్చునేవాళ్లం. వాన పడిందో లేదో సాయంత్రం బయటికి వచ్చి నేల చూస్తే తెలిసేది. మా ఊరు ఐరాలలో చెరుకు తోటల్లో తిరిగి పెరిగినదాన్ని, నాకు ఆ గది మొదటి రోజు నుంచే సరిపడలేదు.

గదికంటే కష్టం ఇంకొకటి ఉండె. మా ఆఫీసులో చేరితే ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఇచ్చేయాల. ఎస్సెస్సెల్సీ నుంచి డిగ్రీ దాకా ఒక కవర్లో పెట్టి ఇనప బీరువాలో పడేస్తారు. పని నేర్పించినాక మనిషి ఎగిరిపోకుండా అన్నమాట. బీరువా తాళం మా సెక్షన్ చూసుకునే సార్ దగ్గర, హుకుం మేనేజరు దగ్గర. నా కవరు తీసుకునేటప్పుడు సార్ నా మొహం చూడలేదు. "తీసుకోమని రాసుండాదమ్మా ఈళ్ల రూల్సులో. తిరిగి ఎప్పుడు ఇయ్యాలో ఎవరూ రాయలేదు" అన్నారు, అంతే.

ఆ మాట నాకు అర్థమైంది టేపు డ్రైవు పుణ్యమా అని. యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. సమాచారం దాచే టేపును తిప్పే పెట్టెకూ దానికీ నడుమ మాట కలిపేది డ్రైవర్ కోడు. దాన్ని రాసే పని నాకు ఇచ్చినారు. ఎవరైనా టేపు కావాలంటే నా కోడు ముందు కొంచెం మెమరీ తీసుకోవాల, తర్వాత పెట్టెను ఇంకెవరూ ముట్టకుండా పట్టుకోవాల, ఆ తర్వాత టేపును కదిలించాల. నేను అట్లే రాసినాను. బాగా నడిచింది. నాకు తలకెక్కింది.

ఒకరోజు ఆపరేటరు టేపు పెట్టడం మరిచిపోయినాడు. నా కోడు మూడో మెట్టు దగ్గర కుదరలేదని చెప్పి వెనక్కి వచ్చేసింది. రావడమైతే వచ్చింది కానీ, పట్టుకున్న పెట్టెను ఇడవలేదు, తీసుకున్న మెమరీ ఇయ్యలేదు. తర్వాత వచ్చిన ప్రోగ్రాము పెట్టె ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కెర్నెల్ లోపల కాసుకోని కూర్చుంది. దాని వెనక ఇంకొకటి. ఆ ప్రోగ్రాములను చంపుదామని చూస్తే చావవు, నిద్రలో ఉండే వాటికి మన మాట ఇనపడదు. కడాకు యంత్రాన్నే ఆపేసినాము. ఆ రోజు పనంతా గంగలో కలిసింది. మేనేజరు వచ్చి "ఎవురు రాసింది దీన్ని?" అని అరిసినాడు.

"మా సెక్షన్లో రాసింది, నేను చూసుకుంటాను" అన్నారు సార్.

మేనేజరు పోయినాక కుర్చీ లాక్కోని నా పక్కన కూర్చున్నారు. కుడి చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది ఆయనకి. దాన్ని తీసి, తెల్ల కాగితం అడుగున రాయడం మొదలుపెట్టినారు. పైన ఏమీ రాయకుండా ముందు అడుగున! పెట్టెను ఇడువు. దాని కింద, మెమరీ ఇచ్చెయ్. తర్వాత పైకి పోయి, మెమరీ తీసుకో, పెట్టెను పట్టుకో అని రాసినారు.

"పట్టుకునే ముందే ఇడిసేది రాసుకో అమ్మా. కడాన పట్టుకున్నదాన్ని ముందు ఇడువు. తీసుకున్నది నువ్వైతే ఇచ్చేదీ నువ్వే, ఇంకొకరు వచ్చి చూస్తారులే అని పోవద్దు."

సార్ వాళ్లది తరతరాలుగా గుడి కైంకర్యం చేసే వైష్ణవుల ఇల్లు. వాళ్ల నాయన వెంట పోయి గుడి తలుపులు వేసేది చూసినారంట చిన్నప్పుడు. తెరిచేటప్పుడు బయటి తలుపు ముందు, మూసేటప్పుడు లోపలి తలుపు ముందు. "తిరగేసి చేస్తే మనిషి లోపలే ఉండిపోతాడు" అని నవ్వేవారు. టిఫిన్ క్యారియర్ విప్పినా మూసినా ఇదే వరస. మేము చాటుగా నవ్వుకునేవాళ్లం, ఆయనకి తెలిసి కూడా గిన్నెలు మళ్లీ అదే వరసలో పేర్చేవారు.

కోడు బాగుపడినాక ఊరికే ఉండనిచ్చినారా? లేదు. ఒక్కో మెట్టు దగ్గర దాన్ని చెడగొట్టమన్నారు నాతోనే. టేపు లేకుండా ఒకసారి, కేబులు పీకి ఒకసారి. "బాగుండేటప్పుడు అందరి కోడూ నడుస్తుంది. చెడినప్పుడు ఎట్ల బయటికొస్తుందో చూడు" అనేవారు. ఇప్పటికీ నా పని అట్లే.

ఆ తర్వాత నాకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. ఒరిజినల్స్ చూపిస్తేనే చేర్చుకుంటామన్నారు. మేనేజరు ఇయ్యనన్నాడు. సార్ నా తరఫున పోయి అడిగినారు, మళ్లీ అడిగినారు, కడాకు గట్టిగా అరిసినారు కూడా. ఆయన అరవడం ఎవరూ ఎరగరు. లాభం లేదు, ఉద్యోగం పోయింది. నేను ఆ గదిలో బీరువా పక్కనే కూర్చోని ఏడ్చినాను. చెయ్యి చాపితే అందే దూరంలో నా చదువు, నాది కాదు! సార్ తాళంచెవి వంక చూస్తా నిలబడినారు. "నాకూ మద్రాసు నుంచి రెండు తూర్లు పిలుపు వచ్చిందమ్మా" అన్నారు. ఆయన కవరూ అందులోనే ఉండాదని అప్పుడే తెలిసింది నాకు, అట్టకార్డులకు బొక్కలు గుచ్చి లెక్కలు చేసే మిషన్ల కాలం నుంచీ.

రిటైరయ్యే రోజు ఛార్జి అప్పగించే కాగితం ముందు పెడితే సార్ సంతకం చెయ్యలేదు. "నా చేత్తో తీసుకున్న కవర్లు నా చేత్తోనే ఇచ్చిపోతాను. నా తర్వాత కూర్చునేవాళ్లకి అప్పగించను." మేనేజరు ఎగిరినాడు, పెన్షను ఆగిపోతుందన్నాడు. సార్ పెన్సిలు చెవి వెనక పెట్టుకోని కుర్చీలో కూర్చున్నారు. అంతే, కదల్లేదు. సాయంత్రానికి మేనేజరే దిగొచ్చినాడు. సార్ బీరువా తెరిచి, కడాన చేరినదాన్ని కాబట్టి ముందు నన్ను పిలిచినారు. అట్ల ఒక్కొక్కరినీ వెనక్కి పిలుచుకుంటా పోయినారు. అడుగున ఒక్క కవరు మిగిలింది.

"సార్, అది మీదే కదా, తాళం మీ చేతిలోనే ఉండాది, తీసుకోండి" అన్నాను.

"నాది నేను తీసుకోలేదు కదమ్మా, ఇంకొకరు తీసుకున్నారు. ఆయన ఇయ్యకుండానే పోయినాడు." నవ్వినారు. "నిద్రలో ఉండేది తనంతట తాను లేవదు. ఎవరో ఒకరు లేపాల."

ఆయన కవరు పాతకాలంది కాబట్టి దానికి హెడ్డాఫీసు ఆర్డరు కావాలన్నాడు మేనేజరు. నేను ఏడాది పొడుగునా అడుగుతానే ఉండాను. "యాడుండాదమ్మా ఆర్డరు, వస్తే ఇస్తాం కదా" అనేదే జవాబు. నా సర్టిఫికెట్లు చేతికొచ్చినాయి కాబట్టి నేను ఎప్పుడన్నా పోవచ్చు. ఆ కవరు లోపల ఉండంగా కాలు కదల్లేదు.

ఆ పొద్దున చావు కబురు ఫోన్ పెట్టేసి, కుర్చీతో పాటు నా చేతికొచ్చిన తాళంతో బీరువా తెరిచినాను. మేనేజరు చూస్తా ఉండాడు. "ఆర్డరు..." అన్నాడు. "నేనిస్తా ఉండా, సంతకం నేనే చేస్తా, ఏం పీక్కుంటారో పీక్కోండి" అని వచ్చేసినాను. తిరుచానూరు బస్సులో కవరును ఒళ్లో పట్టుకోని కూర్చుంటే, పూలగంపల ఆడోళ్లు ఏమైందమ్మా అని అడిగినారు. 

సార్‌ని ముందు గదిలో పడుకోబెట్టినారు. ఆయన భార్యను మేమంతా మామీ అనేవాళ్లం. కవరు చేతికిస్తే ఆమె ఏడుపు ఆపి, "ఇచ్చినారా వాళ్లు?" అనింది.

"నేను తెచ్చినాను మామీ."

విప్పింది. అన్నిటికంటే అడుగున పసుపు పచ్చగా మారిన ఎస్సెస్సెల్సీ పుస్తకం. "ఏం రాసుండాది చదువమ్మా, ఇంగ్లీషు నాకు రాదు" అనింది. పేరు చదివినాను, ఊరు చదివినాను. దాని కింద ఆనవాళ్లు. "కుడి చెవి వెనక పుట్టుమచ్చ."

అన్నేళ్లు పక్కన కూర్చున్నాను, ఆ మచ్చ నేను చూడలేదు. ఎప్పుడూ పెన్సిలు అడ్డం.

మామి వంగింది. ఒక చేత్తో పుస్తకం పట్టుకోని, ఇంకో చేత్తో ఆయన చెవిని మెల్లగా ముందుకు మడిచి చూసింది.

"ఉండాదమ్మా" అనింది. చెవి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.