ఐదో మాట వేళ రెండు వందల డెబ్బై నాలుగు వోల్టులు

కొత్త టీవీని దుకాణం మనుషులు గోడకు బిగించి వెళ్ళిపోయారు. దాని తీగను మాత్రం నేను ప్లగ్గులో పెట్టనివ్వలేదు. పాత టీవీ గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే మట్టలాదివారం నాడు, మా చర్చి ఆరాధన ఇంటర్నెట్ ప్రసారం మధ్యలో, చిటపటమని చిన్న చప్పుడు చేసి, మాడు వాసనతో ఆరిపోయింది. విప్పి చూసిన మెకానిక్ "స్పైకు కొట్టేసింది సార్" అన్నాడు. అది అభిప్రాయమే కాని కొలత కాదు. ఉక్కు కర్మాగారంలో, కొలత పరికరాల విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిని నేను. కారణం అంకెలలో తేలకుండా రెండో టీవీని అదే గోడకు అప్పగించడానికి నా మనసు ఒప్పలేదు.

నా భార్యకు అంత ఓపిక లేదు. తుంటి ఎముక విరిగి, శస్త్రచికిత్స తరువాత ముందుగదిలోనే మంచం మీద ఉంటోంది. మేము ఊరి శివార్లలోని పెందుర్తికి మారి చాలాకాలమైనా, మా చర్చి సంఘం మాత్రం నా బావమరిదితో పాటు పోర్టు క్వార్టర్లలో ఉన్ననాటి పాత సంఘమే, సముద్రం దగ్గర. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం అక్కడ సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు జనం ముందు ధ్యానం చెబుతారు. ఐదవది దాహాన్ని గురించిన మాట; ఏళ్ళ తరబడి దానిని నా భార్యే చెప్పింది. ఈసారి తన స్థానంలో జాలరిపేటలో చేపలమ్మే ఒక స్త్రీని నిలబెట్టింది. ఆమె మొదట ససేమిరా అంది. తన 'సేపలు' అనే ఉచ్చారణకు చదువుకున్నవాళ్ళు నవ్వుతారని ఆమె భయం. నా భార్య వారాల తరబడి ఫోనులో సాధన చేయించి, చివరికి ఒక మాట ఇచ్చి ఒప్పించింది.

"నువ్వు మైకు ముందు నిలబడే టయానికి నాను ఇక్కడ టీవీలో నిన్నే సూస్తుంటాను. జనాన్ని సూడకు. నన్ను తలుసుకుని సెప్పు."

అందుచేత శుక్రవారం లోపల ఆ టీవీ వెలగాలి. అది ఆమె లెక్క.

గోడ ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి పూటపూటా చూశాను. ఉదయం రెండు వందల ముప్పై వోల్టులు ఉన్నది, మధ్యాహ్నం వీధిలో ఏసీలు మొదలయ్యేసరికి రెండు వందల యాభై దాటుతోంది. వాడకం పెరిగితే వోల్టేజి తగ్గాలి. పెరుగుతోందంటే స్తంభం మీద న్యూట్రల్ తీగ వదులైందన్నమాట. అలాంటప్పుడు ఒక ఇంటికి తగ్గిన వోల్టేజి మరొక ఇంటి మీద పడుతుంది. లైన్‌మన్‌కు ఫోను చేశాను. "గుడ్ ఫ్రైడే ఎల్లనీండి సార్, శనివారం ఎక్కుతాను" అన్నాడు.

నగరంలోని దుకాణదారు స్పైకు గార్డు ఒకటి చూపించి, ఇది ఉంటే పిడుగు పడినా భయం లేదన్నాడు. పిడుగు సంగతి అలా ఉంచి, రెండు వందల డెబ్బై వోల్టులు పది నిమిషాలు నిలిస్తే ఇది ఏం చేస్తుందని అడిగాను. అట్ట మీద, అది ఎంత పోటు తట్టుకుంటుందో చెప్పే జూల్స్ అంకె చూపించాడు. స్పైకు గార్డు రెప్పపాటు పోటును ఎర్తులోకి మళ్ళిస్తుంది. నిలిచి ఉండే హెచ్చు వోల్టేజికి తానే కాలిపోతుంది. స్టెబిలైజరు సంగతి అడిగితే, ఇప్పటి టీవీలకు దానితో పని లేదన్నాడు. వోల్టేజి కొద్దిగా హెచ్చుతగ్గులయితే ఆ మాట నిజమే. చివరకు స్పైకు గార్డుతో పాటు ఒక కటాఫ్ పెట్టెను కూడా తెచ్చాను. వోల్టేజి రెండు వందల అరవై దాటితే అది కరెంటును తెంచుతుంది. వోల్టేజి కుదుటపడ్డాక మూడు నిమిషాలు ఆగి గాని మళ్ళీ ఇవ్వదు. ఎర్తు గుంతలో రెండు బకెట్ల నీళ్ళు పోసి, ఎర్తును కూడా పరీక్షించాను.

పక్కింట్లోనే ఉండే నా బావమరిది, పోర్టులో క్రేన్ నడిపి రిటైరైనవాడు, అంతా గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏటి బావా, టీవీ కొన్నావా, పెళ్ళికూతుర్ని తెచ్చావా? ముట్టుకోనివ్వవు, సూడనివ్వవు!"

"మీ ఇంట్లో ఎంత వోల్టేజి ఉందో ఎప్పుడైనా చూశావా?"

"ఎందుకు సూడాల? నాను గోడ ప్లగ్గులో డైరెక్టుగా ఎట్టేసినాను. బొమ్మ వత్తంది. అదే నా మీటరు."

నా భార్య మంచం మీద నుంచి నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

శుక్రవారం ప్రసారం సక్రమంగానే మొదలైంది. మొదటి నాలుగు మాటలూ అయ్యాయి. కటాఫ్ పెట్టె మీద వోల్టేజి అంకె రెండు వందల నలభై ఎనిమిది, యాభై మూడు, యాభై ఆరు అంటూ ఎక్కుతోంది. బయట గాలి లేచింది. వీధిలో తీగలు ఊగుతున్నాయి. తెర మీద చేపలమ్మే ఆమె తెల్లచీర కొంగు భుజం మీదుగా కప్పుకుని మైకు దగ్గరికి వచ్చింది. తలెత్తి నేరుగా కెమెరా వైపు చూసింది.

"అదిగో, నన్నే సూస్తోంది," అంది నా భార్య.

కటాఫ్ పెట్టెలో టక్కుమని చప్పుడు. తెర నల్లబడింది. ఫ్యాను హోరు పెరిగింది, ట్యూబులైటు తెల్లగా మండింది. పెట్టె మీద అంకె రెండు వందల డెబ్బై నాలుగు. నేను పరుగున వెళ్ళి ఫ్రిజ్ స్విచ్చి, ఫ్యాను స్విచ్చి ఆపి వచ్చాను.

"పక్క ప్లగ్గులో పెట్టండి," అంది.

"రెండు వందల డెబ్బై నాలుగు ఉంది."

"నాకు అంకెలు సెప్పకండి. అది మాట్లాడతంది అక్కడ!"

వోల్టేజి దిగింది. పెట్టె మూడు నిమిషాల లెక్క మొదలుపెట్టింది. సగం కాకుండానే మళ్ళీ గాలి వీచింది, అంకె ఎగిసింది, లెక్క మొదటికొచ్చింది. నా ఫోనులో పెట్టబోయాను. వైఫై కూడా ఆ పెట్టె మీదే ఉండి ఆరిపోయింది; మొబైలు సిగ్నలు అందక తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"రికార్డింగు ఉంటుంది కదా, సాయంత్రం చూద్దువుగాని."

"సాయంత్రం సూస్తే, ఇప్పుడు నాను దాని ముందు లేనట్టే కదండీ. మాటిచ్చేను. టీవీ పోతే పోనీండి!"

పెట్టెలోంచి లాగిన టీవీ తీగ చివర నా చేతిలో ఉంది. గోడ ప్లగ్గు జానెడు దూరం. ఆమె మోచేతుల మీద లేవబోయి, తుంటి నొప్పికి అబ్బా అని వెనక్కి వాలింది. నేను తీగను మళ్ళీ పెట్టెలోనే గుచ్చాను. తెర తిరిగి వెలిగేసరికి ఆరవ మాట సగంలో ఉంది. నా భార్య గోడ వైపు తిరిగింది.

ప్రార్థన ముగిసే వేళకు బావమరిది వచ్చాడు.

"బావా, నా మీటరు కాలిపోనాది. టీవీ పోనాది, ఫ్రిజ్జు పోనాది. ఈదిలో ఇంకో రెండిళ్ళూ అంతే." చెల్లెలి ముఖం చూసి గొంతు తగ్గించాడు. "మీది నిలబడింది కదే. ఏటా మొహం?"

"టీవీ నిలబడింది," అంది గోడ వైపు నుంచే.

వీధంతా ఫోన్లు చేయడంతో లైన్‌మన్ ఆనాడే వచ్చి, లైను ఆపి స్తంభమెక్కాడు. న్యూట్రల్ జాయింటు నల్లగా మాడి ఉంది. నా కొలత సరైనదే. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇంకా కరెంటు రాకముందే చేపలమ్మే ఆమె బస్సు దిగి మా ఇంటికి వచ్చింది, అదే తెల్లచీరలో.

"ఎలగ సెప్పినానమ్మా? జనాన్ని సూడనేదు. మిమ్మల్నే తలుసుకుని సెప్పేసినాను. సూసినారా?"

నా భార్య నా వైపు చూసింది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. నిజం చెబితే ఎదుటి మనిషి ముఖం ఏమవుతుందో తెలుసు.

"మీ అమ్మగారు చూడలేదు," అన్నాను నేను. "నువ్వు మైకు ముందుకు రాగానే కరెంటు తెగింది. వేరే ప్లగ్గులో పెట్టమని ఆమె ఎంత అడిగినా నేనే పెట్టలేదు."

చేపలమ్మే ఆమె నల్లగా ఉన్న తెరను చూసింది, నన్ను చూసింది.

"టీవీకేటన్నా అవుద్దనా, బాబుగారూ?"

"అవును."

"అయితే నాను ఎవుల్ని సూసి సెప్పినట్టు?" అంది. తరువాత తనే కుర్చీ పక్కకు జరిపి, మంచం ఎదుట, టీవీకి వీపు పెట్టి నిలబడింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. "సరే. ఇప్పుడు సూడండమ్మా."

ఇంజను ఆగి తన భర్త పడవ సముద్రంలో కొట్టుకుపోయిన సంగతితో మొదలుపెట్టింది. "సుట్టూ నీలే. తాగడానికి సుక్క నేదు. ఆయన నాలిక పిడస కట్టుకుపోనాది..."

నా భార్య చెయ్యెత్తింది.

"అక్కడ ఆగాల. నీకెన్నిసార్లు సెప్పేను? సుక్క నేదు అన్నాక ఊపిరి తీసుకో, జనానికి దాహమెయ్యాల. మళ్ళీ మొదట్నించి."

ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. మీటరు పక్కన పెట్టి నేనూ కూర్చున్నాను.