రైలు రోకో నాటి బయానా

2011లో, సకల జనుల సమ్మె మొదలైన సెప్టెంబరులో, నా హెడ్‌క్వార్టర్ జనగామ. రిటైరైన ఆఫీసర్లు తమ జ్ఞాపకాలు ఇలాగే మొదలుపెడతారు కనుక నేనూ ఇలాగే మొదలుపెట్టాను. నాకు ఎవరూ పోస్టింగ్ ఇవ్వలేదు, ఎవరూ బదిలీ చేయలేదు. డబ్బు తీసుకుని మగవాళ్లతో గడపడం నా వృత్తి. ఫోనులో నా పేరు స్వప్న. ఓటరు కార్డులో ఉన్న పేరు మీకు అనవసరం.

అంతకుముందు హన్మకొండలో ఒక దళారీ కింద పని చేశాను. మేమంతా ఆమెను పెద్దక్క అనేవాళ్లం. వచ్చేది ఎవరో, ఎలాంటివాడో ముందుగా చెప్పేది కాదు. వచ్చిన డబ్బులో పెద్ద ముక్క మాత్రం మరిచిపోకుండా తీసుకునేది. ఒకరోజు నా సంచి సర్దుకుని బయటికొచ్చాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. కూర్చున్న చోటు నుంచే అన్నది: "సొంతంగ చేసుడు నీతోని కాదు. పండుగ దాక గూడ ఉండవు, మళ్ల నా తలుపే కొడ్తవు." ఆ మాట నాకు తిట్టు కన్నా ఎక్కువ మండింది. ఆ తలుపు మళ్లీ కొట్టకుండా ఉండడమే ఆ ఏడాది నా ఉద్యోగం అనుకోండి.

నా పరిధి మూడు ఊళ్లు. ఉండేది జనగామలో, అక్కడ పని పెట్టుకోను. కూరగాయలు కొనుక్కునే ఊళ్లో గిరాకి ఉండకూడదు. గిరాకి అంటే మా భాషలో వచ్చే మనిషి, బేరం రెండూ. మానుకోటకు, అంటే కాగితాల మీది మహబూబాబాద్‌కు, రైల్లో పోయేదాన్ని. భూపాలపల్లికి బస్సు. అక్కడ బొగ్గు గనుల జీతాలు పడే రోజుల్లో నాకు తీరిక ఉండేది కాదు.

ఈ పనిలో కష్టం ఏమిటని అడిగితే జనం ఏవేవో ఊహించుకుంటారు. అసలు కష్టం, వస్తానన్నవాడు రాకపోవడం. ఛార్జీలు పెట్టుకుని, తలలో పూలు పెట్టుకుని పోయి లాడ్జి మెట్ల దగ్గర నిలబడితే ఫోను స్విచ్ఛాఫ్. మర్నాడు సాకులు. ఒక పెద్దమనిషి తన మామగారిని ఒకే ఏడాదిలో రెండుసార్లు చంపాడు. రెండోసారి నేను సంతాపం కూడా చెప్పాను, ఎందుకైనా మంచిదని.

అందుకే బయానా పద్ధతి పెట్టాను. బయానా అంటే ముందస్తు సొమ్ము. అది రీఛార్జి రూపంలో రావాలి. మనిషి తన కాళ్లతో దుకాణానికి పోయి, నా నంబరు చెప్పి, నా ఫోనులో టాక్‌టైమ్ వేయించాలి. నోటితో ఆకాశానికి నిచ్చెనలు వేసేవాళ్లు సగం మంది ఆ దుకాణం మెట్టు దగ్గరే రాలిపోతారు. ఒక రోజు ముందు చెప్తే బయానా మరో తేదీకి మారుతుంది, చెప్పకపోతే పోయినట్టే. ఆ టాక్‌టైమ్‌ను రొక్కం చేసేది యాదమ్మ. మా పక్కింట్లో ఉండే పూల వ్యాపారి. బంతి తోటల వాళ్లతో గంటలు గంటలు నా ఫోనులోంచే మాట్లాడి, అంతకు సరిపడా నా చేతిలో పెట్టేది. ఆమె బేరాలు వింటే నా బేరాలు ప్రార్థనల్లా ఉంటాయి.

సమ్మెతో ఆర్టీసీ బస్సులు ఆగాయి. గనులు ఆగాయి. భూపాలపల్లి నా పటంలోంచి పోయింది. మిగిలింది రైలు, మానుకోట. సరిగ్గా అప్పుడే అక్కడి కన్వీనర్ సారు ఫోన్ చేశాడు. ఎరువుల దుకాణం ఉన్నాయన, ఉద్యమ కమిటీకి ఊళ్లో ముందుండేవాడు. నాకు పాత గిరాకే కానీ నిలకడ తక్కువ. ఈసారి మాత్రం అడగకముందే రీఛార్జి పడింది.

ఆయన రమ్మన్న రోజే రైలు రోకో అంటున్నారు. యాదమ్మ బతుకమ్మ గిరాకి కోసం బంతిపూలు మానుకోటకు తీసుకుపోవాలి. బండి నడుస్తుందా అని నన్నడిగింది. నేను పెద్ద తెలివిగా ఆలోచించాను. రైలు ఆపేవాడే నాకు బయానా కట్టాడు. అంటే ఆ రోజు రైలు ఆగదు. ఇంతకన్నా పక్కా సమాచారం స్టేషన్ మాస్టర్ దగ్గర కూడా ఉండదు. "నడుస్తది, పూలు కట్టుకో" అని చెప్పాను.

బండి మామూలుగానే ఆలస్యంగా వచ్చింది. కాజీపేట దాటింది, కేసముద్రం దాటింది. మానుకోట స్టేషన్ కనిపించకముందే ఆగింది. డ్రైవర్ కూతవేసి వేసి ఊరుకున్నాడు. కిందికి దిగి పట్టాల వెంట నడిస్తే జెండాలు, డప్పులు, పట్టాల మీదే పొయ్యిలు. వంటా వార్పు. రోడ్ల మీద, పట్టాల మీద వండుకుని అక్కడే తింటూ కదలకుండా కూర్చోవడం ఆ రోజుల్లో నిరసన పద్ధతి. ఆగిపోయిన రైలు ప్రయాణికులకు కూడా వడ్డిస్తున్నారు, మర్యాదకు లోటు లేదు. పొద్దున ఏమీ తినలేదు కనుక నేనూ ఇస్తారాకు పట్టుకుని వరసలో నిలబడ్డాను.

బగార అన్నం వడ్డిస్తున్నది కన్వీనర్ సారు.

నన్ను చూడగానే ఆయన చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. రైలు ఆపినంత సులువుగా ఆపేశాడు. ముఖం తెల్లబోయింది. చుట్టూ కమిటీ వాళ్లు, ఊరి పెద్దలు. కొంచెం అవతల బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్లలో ఆయన భార్య కూడా ఉందని తర్వాత తెలిసింది. నాకైతే ఒళ్లు మండిపోయింది. బయానా కట్టి పిలిచిందీ వీడే, దారికి అడ్డం కూర్చున్నదీ వీడే. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి ఇస్తారాకు ముందుకు చాచాను. బయట కనిపిస్తే గిరాకిని గుర్తుపట్టకూడదు. మా పనిలో అన్నిటికన్నా పై రూలు అదే. ఆయన ఒక గరిటె వేసి, ఏమనుకున్నాడో, ఇంకొకటి వేశాడు. అన్నం బాగుంది, ఆ మాట దాచను.

యాదమ్మ మాత్రం ఆ రోజు లాభపడింది. బతుకమ్మ పేర్చే ఆడవాళ్లకు పట్టాల మీదే పూలన్నీ అమ్మేసింది. ఉద్యమానికి ఊరికే ఇవ్వరాదా అని ఎవరో అంటే, తోటకాడి రైతు కూడా ఉద్యమంలనే ఉన్నాడని చెప్పి పైసలు తీసుకుంది.

కొన్ని రోజులకు సారు ఫోన్ చేశాడు. ఆ రోజు లాడ్జికి నేను రాలేదు కనుక బయానా వాపసు ఇవ్వాలట. ఒక రోజు ముందు నాకు చెప్పలేదు కదా అంటే ఆయన జవాబు వినండి: "పేపర్ల వచ్చింది, ఆటోకు మైకు కట్టి తిప్పినం. గింతకన్న నోటీసు ఏముంటది?" పొద్దున బండికి నేను దిగిపోతాననీ, ఆ తర్వాత వచ్చే బండి ఆపుదామనీ ఆయన లెక్క. ఆలస్యం చేసింది రైల్వే వాళ్లు, తనది తప్పెట్లా అవుతుందని వాదించాడు. చివరికి, వాపసు ఇవ్వకపోతే పైసలు తీసుకుని రాదని మానుకోట నుంచి భూపాలపల్లి దాకా చెప్తానన్నాడు.

ఒకసారి బయానా వాపసు ఇచ్చానంటే ఇక ఎవడూ బయానాను బయానాగా చూడడు. ఇవ్వకపోతే చెడ్డపేరు. ఏ దారిన పోయినా చివర్లో పెద్దక్క తలుపే. ఆయన భార్యకు చెప్తానని ఒక్క మాట బెదిరిస్తే ఆ పూటకు గెలిచేదాన్నే. కానీ బెదిరించేదని తెలిసిన మనిషికి మళ్లీ ఎవరు ఫోన్ చేస్తారు? భయం దాచుకుని, గొంతు పెంచకుండా అడిగాను.

"నేను రాలేదా సారూ? మరి నా ఇస్తారిల రెండు గరిటెలు ఎవలకు ఏసినవు?"

ఆయన గొంతు తగ్గించాడు: "గప్పుడు నా పని అయిపోయిందనుకున్న. అందరి ముందట అడిగేదుండె. ఎందుకడగలే?"

"బయట మేం ఎవల్నీ గుర్తువట్టం సారూ. వచ్చుడు నా పని, వచ్చిన. దారి ఇడిసిపెట్టుడు నీ పని."

ఫోన్ పెట్టేశాడు. ఏం చెప్పుకుంటాడో తెలియక ఆ సమ్మె రోజులన్నీ బిక్కుబిక్కుమంటూ గడిపాను. బస్సులు మళ్లీ తిరిగాక భూపాలపల్లి నుంచి కొత్త నంబరు మోగింది. గనిలో పనిచేసే మనిషి. పేరు చెప్పకముందే బయానా వేశానన్నాడు. మానుకోట సారే నా సంగతి చెప్పాడట. ఈయన అన్నాడు: "రైలు రోకో నాడు గూడ వచ్చిన మనిషట గదా నువ్వు."

ఆ సంఘటనతో నా నిబంధనల్లో రెండు చేరాయి. బంద్‌కు పిలుపిచ్చినవాడే బంద్ నష్టం భరించాలి. రైలు సంగతి గిరాకిని కాదు, స్టేషన్లో అడగాలి. పండుగ పోయింది, ఆ తర్వాత ఎన్నో పండుగలు పోయాయి. పెద్దక్క తలుపు నేను కొట్టలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు మానుకోట ఊరేగింపులో సారు లడ్డూలు పంచుతూ ఎదురయ్యాడు. నేను చేయి చాచాను. రెండు పెట్టాడు. ఒకరినొకరం గుర్తుపట్టలేదు.