లంబూ సార్ కట్టిన గోడ

ఆ రోజుల్లో మాకు అలసిపోవడానికి కూడా తీరిక ఉండేది కాదు. ముప్పై దాటిందో లేదో, ఇప్పుడు రెండంతస్తుల మెట్లెక్కితే నడుం పట్టుకుని కూర్చుంటున్నాను. అలాంటి నేను, కరోనా తగ్గుముఖం పట్టిన ఆ ఏడాది, దుబాయ్ పక్కన సజ్జాలోని ఒక అల్యూమినియం ఫ్యాక్టరీలో పగలంతా కిటికీ చట్రాలు మోసి, సాయంత్రం మేముండే క్యాంపు వెనకున్న ఇసుక మైదానంలో ఫుట్‌బాల్ ఆడించేవాణ్ణి. ఆడేవాణ్ణి కాదండోయ్, ఆడించేవాణ్ణి. అంటే కోచ్ ఇంగ్లీషులో తిట్టేదాన్ని మావాళ్ళకు తెలుగులో అందించేవాణ్ణి. (మిగతావాళ్ళంతా తెలుగు మీడియంలో తప్పినవాళ్ళు, నేనొక్కణ్ణి ఇంగ్లీషు మీడియంలో తప్పాను. ఆ గొప్పతనం చూసే నాకా పని ఇచ్చారు.)

కోచ్ డచ్చివాడు. తాటిచెట్టంత మనిషి కాబట్టి క్యాంపులో అందరూ లంబూ సార్ అనేవాళ్ళు. కుర్రతనంలో పేరున్న ఫార్వర్డ్ అట. ఆయన పని చేస్తున్న దుబాయ్ అకాడమీ కరోనాకు మూతపడింది. మా ముదీర్, అంటే ఫ్యాక్టరీ మేనేజరు, ఫుట్‌బాల్ పిచ్చోడు. కంపెనీల పోటీలకు టీము తయారుచెయ్యమని ఆయన్ని పట్టుకొచ్చాడు. సాయంత్రాలు బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని మోకాలికి ఐసు గడ్డ అద్దుకుంటూ, ఆ మహానుభావుడు తన చరిత్ర ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. పదిహేడేళ్ళకే పెద్ద టీములో ఆడాడు. ఊరంతా భుజాల మీద మోసింది. తర్వాత మోకాలు పోయింది, తర్వాత జుట్టు పోయింది, ఆ తర్వాత కోచ్ అయ్యాడు. కోచ్ అయ్యాక ఏ దేశంలోనూ రెండు చలికాలాలు గడపలేదు. ప్రతిచోటా ప్రేమగా పిలిచారు, ప్రేమగానే పంపించేశారు. "గోల్ కొట్టే రోజుల్లో గెలిచినప్పుడు నా పేరు అరిచేవాళ్ళు. కోచ్‌నయ్యాక ఓడినప్పుడు అరుస్తున్నారు. అరుపు మాత్రం అదే" అన్నాడొకసారి. నాకు నవ్వాలో వద్దో తెలియక ఇంకో ఐసు గడ్డ అందించాను.

ఆయనకు ఒకటే ఆశ మిగిలింది. మేము మొదటి మ్యాచ్ ఆడబోయే కంపెనీ యజమాని అరబ్బు, అందరూ అర్బాబ్ అంటారు. ఆయనకు సొంత ఫుట్‌బాల్ అకాడమీ ఉంది, అందులో కోచ్ ఉద్యోగం ఖాళీగా ఉంది. ఆ మ్యాచ్‌కు అర్బాబ్ వస్తాడు, మా ఆట నచ్చితే లంబూ సార్‌ను తీసుకుంటాడు. లేదంటే వీసా అయిపోగానే ఖలాస్, ఆయన సంచీ సర్దుకోవాలి. ఉద్యోగం వస్తే సామాన్లు చూసుకోవడానికి నన్ను కూడా తీసుకెళ్తానన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నేను కిటికీ చట్రాలు మోస్తూనే, మనసులో పట్నంలో, అల్ నహ్దాలో ఏసీ గదిలో దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణి.

చిక్కంతా డిఫెన్సులో వచ్చింది. గోల్ కీపర్ మలయాళీ, ముందు ఆడేవాళ్ళు నేపాలీలు, బాగానే ఉరికేవాళ్ళు. వెనక గోల్ కాయాల్సిన నలుగురు మాత్రం మావాళ్ళు. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, ఇంకో ముగ్గురు జగిత్యాల వైపువాళ్ళు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, బంతి ఎటుపోతే అటు నలుగురూ కలిసి పోయేవాళ్ళు, దారిలో నలుగురూ కలిసి అలసిపోయేవాళ్ళు. ఒకే వరసలో కదలండిరా అని లంబూ సార్ మొత్తుకునేవాడు, నేను ఆ మొత్తుకోడాన్ని తర్జుమా చేసేవాణ్ణి. చివరికొకరోజు మా బావ నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయాడు.

"బామ్మర్దీ, సారుకు చెప్పు. ఉరుకుడు మాతోని కాదు. నిలబడుమంటే గోడ లెక్క నిలబడ్తం."

చెప్పి పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు. వాడు ఇంకొకడి చెయ్యి, వాడు ఇంకొకడిది. వీళ్ళు మండలానికి కబడ్డీ కప్పు తెచ్చిపెట్టినవాళ్ళు, చేతులు కలిస్తే చాలు కాళ్ళు వాటంతటవే కలుస్తాయి. నలుగురూ ఒక మనిషిలా కుడికి జరిగారు, ఒక మనిషిలా ఎడమకు జరిగారు. లంబూ సార్ డబ్బా మీద నుంచి లేచాడు. లక్షలు తీసుకునే ఆటగాళ్ళను బతిమాలినా ఇలాంటి వరస తనకు దొరకలేదని, ఇంతకాలం చేతులు పట్టించాలన్న ఆలోచనే రాలేదని అన్నాడు. తర్వాత వాళ్ళకు ఒకే ఒక్క మాట చెప్పమన్నాడు. లోపలికొచ్చినవాణ్ణి వదలొద్దు. నేను పొల్లుపోకుండా చెప్పాను, వాళ్ళు బుద్ధిగా తలూపారు. కబడ్డీలో కూడా అదే నియమమని మా ఇద్దరికీ తట్టలేదు. (ప్రాక్టీసులో ఎప్పుడూ ఎవరినీ పట్టుకోలేదు కదా అని తర్వాత అడిగితే, మనోళ్ళను మనం పట్టుకుంటమా అన్నాడు బావ.)

మ్యాచ్ రోజున పచ్చగడ్డి మైదానం చూసి మావాళ్ళు ముందు చెప్పులు విప్పబోయారు. గట్టు మీద వేసిన సోఫాల్లో అర్బాబ్ ఎవరా అని నేను వెతుకుతూ ఉన్నాను. తెల్లబట్టలతో కూర్చున్న ప్రతివారికీ ఒక నమస్కారం పెట్టాను కూడా. మొదటి సగం అద్భుతంగా సాగింది. మా గోడను దాటి ఒక్క బంతి రాలేదు, లంబూ సార్ ముఖంలో పదిహేడేళ్ళ కుర్రాడు కనిపించాడు. రెండో సగంలో అవతలి టీములోకి ఒక కొత్త ఫార్వర్డ్ దిగాడు. యాభై ఏళ్ళుంటాయి, బొజ్జ కూడా ఉంది. ఆయన బంతి తీసుకుంటే చాలు మా నేపాలీలు గౌరవంగా పక్కకు తప్పుకుంటున్నారు. ఏళ్ళ తరబడి ఆ పోటీలు ఆడుతున్న వాళ్ళకు ఆ ఆచారం తెలుసు. అర్బాబ్ ప్రతి ఏడాదీ దిగుతాడు, ఒక గోల్ కొడతాడు, అందరూ చప్పట్లు కొడతారు. మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

అర్బాబ్ నింపాదిగా మా గోడ దగ్గరికి వచ్చాడు. గోడ రెండుగా వంగి, ఆయన్ని ప్రేమగా లోపలికి రానిచ్చింది. తర్వాత మూసుకుంది. ఒకడు చీలమండ పట్టాడు, ఒకడు నడుం పట్టాడు, మిగతా ఇద్దరూ చేతులు వదలకుండా చుట్టేశారు. పాపం ఎక్కడా దెబ్బ తగలనివ్వలేదు, పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు గడ్డి మీద పడుకోబెట్టారు. బంతి ఎటో దొర్లిపోయింది, దానితో వాళ్ళకు పని లేదు. ఆయన రొప్పుతుంటే మా బావ మర్యాదగా వంగి చూశాడు.

"దమ్ము పోయింది సార్. ఔట్."

రెఫరీకి ఎవరిని పంపాలో అర్థం కాక, టిక్కెట్లు చించే కండక్టరులా నలుగురికీ వరసగా ఎర్ర కార్డు చూపించాడు. అర్బాబ్‌ను లేపారు, నీళ్ళు తాగించారు. ఆయన లంబూ సార్ ముందుకొచ్చి, ఇది వీళ్ళకు ఎవరు నేర్పారని అడిగాడు. పక్కన మా ముదీర్ ఆ నలుగురి వైపు చూస్తున్నాడు. రేపే ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కించే చూపు అది. నాకు ప్రాణం కుదుటపడింది, నిజం చెబితే సరిపోతుంది కదా. అది వాళ్ళ ఊరి ఆట, నాకేమీ తెలియదు అని లంబూ సార్ ఒక్క ముక్క అంటే ఉద్యోగం నిలుస్తుంది. ఆయన నెత్తి నిమురుకున్నాడు.

"నేనే నేర్పాను" అన్నాడు.

అర్బాబ్ షుక్రన్, అంటే థాంక్స్, అని వెళ్ళిపోయాడు. ఉద్యోగం ఊసే ఎత్తలేదు. ముదీర్ కోపంతో కారెక్కి, లంబూ సార్‌ను ఎక్కించుకోకుండానే పోయాడు. ఆయన మా క్యాంపు బస్సే ఎక్కాడు. కాళ్ళు పట్టక నడవాలోకి చాపుకుని కూర్చున్నాడు. బస్సు కదిలాక బావ నా భుజం తట్టి, సారు అర్బాబుతోని ఏమన్నడని అడిగాడు. చెప్పాను. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అబద్ధమెందుకాడిండురా? అడుగు."

నాకూ మండిపోతోంది, గట్టిగానే అడిగాను. లంబూ సార్ కళ్ళు మూసుకునే జవాబు చెప్పాడు.

"నేను కొట్టిన గోల్సన్నిటిలో సగం వేరేవాళ్ళు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టినవి. పేరు నాకు వచ్చింది. వేరేవాళ్ళ పని ఇంకొక్కటి నా పేరు మీద రాసుకుంటే ఏమైంది?"

తెలుగులో చెప్పాను. బావ తన నీళ్ళ సీసా తీసి ఆయనకిచ్చాడు. కాసేపటికి లంబూ సార్, ఊపిరి బిగబట్టి ఏదో అంటూ ఆడతారట కదా, అది నేర్పమన్నాడు. బావ నేర్పాడు. ఆయన ఛాతీ నిండా గాలి పీల్చి కబడ్డీ కబడ్డీ అని మొదలుపెట్టి, ఇంకో రెండు కబడ్డీలు కాకుండానే దగ్గుతో కూలబడ్డాడు. అలసిపోయిన బస్సంతా లేచి నవ్వింది. ఆయన కూడా కన్నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ నెలాఖరులో వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. మావాళ్ళు నలుగురూ ఇప్పటికీ సజ్జాలోనే పని చేసుకుంటున్నారు.

ఆ బస్సులో నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే. చేతికందిన ఏసీ గదిని ఈ పొడుగు మనిషి ఒక్క మాటతో పోగొట్టాడని, మూతి ముడుచుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇప్పుడు ఏసీ గది వచ్చింది, దుప్పటీ వచ్చింది. పడుకోగానే ఒక్కోసారి బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి, ఇటు తిరగరా పిచ్చోడా, ఇటు చూడు అని పిలవాలనిపిస్తుంది.