పచ్చబడిన నెరిసిన జుట్టు

సరదాకి ఇంట్లోనే ఫోటోలు ప్రింటు తీసే మోటారు మెకానిక్ కాగితాన్ని అంచులు పట్టి కిటికీ వెలుగులోకి ఎత్తాడు. ప్రింటు విషయంలో బల్బును నమ్మడు. ఫోటోలో అమ్మ నెరిసిన జుట్టు నాలుగోసారీ పచ్చగానే వచ్చింది.

"నలుపు తెలుపు అడిగితే పాచి పట్టించింది, దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్!" అంటూ కాగితాన్ని ఉండచుట్టాడు. సాయంత్రం బండికి వెళ్ళిపోయే అక్క అడిగింది ఈ ఒక్క ఫోటోనే. బావ ఫోన్‌లోంచి తలెత్తకుండా, "ఇది వేసుకో బామ్మర్దీ, అంతా అదే చూసుకుంటుంది," అని ఇంకో సాఫ్ట్‌వేర్ పేరు చెప్పాడు. వేశాడు. పచ్చదనం పోయింది. దాంతోపాటు అమ్మ నుదుటి ముడతలూ, గడ్డం మీది మచ్చా పోయాయి.

"ఈవిడెవర్రా?" అంది అక్క.

"మీ ఆయన్నే అడుగు! మా అమ్మ మొహం దిద్దమని దానికెవరు చెప్పారు?"

పళ్ళు కొరుకుతూ దాన్ని తీసేశాడు. చూడ్డానికి బాగోలేదని తానే ఎప్పుడో పక్కన పెట్టిన పాత సాఫ్ట్‌వేర్ తెరిచాడు. రంగు సిరాలన్నీ ఆపేసి, నల్ల సిరా ఒక్కటే ఉంచాడు. ప్రింటు వచ్చాక సిరా ఆరేదాకా గంటసేపు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత కిటికీ దగ్గర చూశాడు. జుట్టు నెరిసే ఉంది, మచ్చ మచ్చలాగే ఉంది.

అక్క ఆ మచ్చ మీద వేలు పెట్టబోయింది.

"ముట్టుకోకు! అంచులు పట్టుకో," అని కసిరాడు.

ఆమె అంచులే పట్టుకుని అందుకుంది.