చీలమండ దగ్గర నీరు తిరిగింది

దెయ్యాలూ మాయలూ నేను ఏనాడూ నమ్మలేదు. దేవుణ్ణి నమ్ముతాను, అది వేరు. బడికి పోకుండా ఇంట్లోనే పెద్దమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చూసింది చూసినట్టే రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. భీమిలిలో చేపల వేటకు వెళ్ళే మా అయ్యకు షుగరు వల్ల ఎడమ కాలి బొటనవేలు నల్లబడింది. వైజాగ్ ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు డాక్టరు తేల్చి చెప్పారు. పాదానికి రక్తం అందుతుంటే వేలు తీస్తే చాలు. అందకపోతే మోకాలి కింద నుంచి కాలే తీసెయ్యాలి.

అది చూడ్డానికి సూది గుచ్చని పరీక్ష ఒకటి చేశారు. చీలమండ దగ్గర జెల్లు రాసి, పెన్నులాంటిది ఆనించారు. రక్తం పారుతుంటే దానికి తగిలించిన డబ్బాలోంచి ఉస్సు ఉస్సుమని చప్పుడు వస్తుందట. కుడి కాలికి వచ్చింది. ఎడమ కాలికి ఒట్టి గరగర. పరీక్ష చేసే అమ్మాయి పావుగంట వెతికింది.

జ్వరం మగతలో ఉన్న అయ్య కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"ఇప్పుడు నీరు లాగేత్తందమ్మా. తిరగనీ. కూడు తినేసొచ్చి అప్పుడు సూడు."

"తాతా, ఇది కాలు. సముద్రం కాదు," అని నవ్విందా అమ్మాయి.

"నాకెరికే. నువ్వు ముందు కూడు తిను."

జాలిపడిందో ఏమో, భోజనం చేసొచ్చి మళ్ళీ చూస్తానంది.

ఆ గదికి కిటికీ లేదు. అయ్య పాదం పట్టుకుని కూర్చున్నాను. తడి ఇసుకలా చల్లగా ఉంది. ఎంతసేపు గడిచిందో, నాకూ కునుకు పట్టినట్టుంది. అరచేతి కింద ఏదో మెల్లగా నిండుతున్నట్టు అనిపించింది.

"తిరిగింది," అన్నాడు అయ్య.

అప్పుడే ఆ అమ్మాయి వచ్చింది. పెన్ను ఆనించింది. ముందు ఎక్కడో దూరంగా, తర్వాత దగ్గరగా, ఉస్సు... ఉస్సు... ఆమె గడియారం చూసి కాగితం మీద రెండూ పది అని రాసింది. కాలికి బీపీ పట్టా చుట్టి కొలిచాక, వేలు తీస్తే చాలన్నారు డాక్టరు. కాలు దక్కింది.

సాయంత్రం భీమిలి బస్సులో వచ్చిన తమ్ముణ్ణి అడిగాను. రెండు దాటాకే అక్కడ ఆటు పోయి పోటు మొదలైందట.

కాసేపు వెచ్చగా పట్టుకుంటే మూసుకున్న దారి ఒక్కోసారి తెరుచుకుంటుందని డాక్టరు అన్నారు. కావచ్చు. మరి కిటికీ లేని గదిలో, వేళ తెలియని జ్వరంలో, అయ్యకు ఎలా తెలిసింది?

తర్వాత ఆయన్నే అడిగాను. "నానలగన్నానేటే? జొరంలో ఏటి వాగేనో!" అన్నాడు.

ఆ కాలితోనే ఇంకో ఏడేళ్ళు నడిచాడు. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. రోజూ సింహాద్రి అప్పన్నకు దణ్ణం పెట్టుకున్నాక, తూర్పుకు తిరిగి సముద్రానికీ ఒకటి పెడతాను. ఎవరికి చెందాలో వాళ్ళకే అందుతుంది.