ఆఖరున దాటాల్సిన మనిషి

దయ్యం సంగతి ఎవరైనా చెబితే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: మీరు కళ్ళారా చూశారా, ఎవరో చెప్పగా విన్నారా? విలేకరిగా చేసినన్నాళ్ళూ ఇలాంటి కబుర్లు చాలా వచ్చేవి. మూతపడ్డ ఫ్యాక్టరీలో మిషన్ చప్పుడు వస్తోందన్నారు. వెళ్ళి చూస్తే ఊడిన రేకు గాలికి కొట్టుకుంటోంది. బొంతపల్లి దారిలో తెల్లచీర కనబడుతోందన్నారు. పందులు రాకుండా చేనుకు కట్టిన పాత ఫ్లెక్సీ అది. వీటిలో ఒక్కటీ నేను వార్తగా రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నది పట్టపగలు, పదిమంది మధ్య, నా కళ్ళముందు జరిగింది. నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అక్క బాలమణి ఇస్నాపూర్ దగ్గర ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. చిట్కుల్‌లో కిరాయికి ఉంటుంది. ఆ రోజు జోగిపేటలో మా మేనకోడలి బిడ్డకు తొట్టెల ఫంక్షన్. అక్క డ్యూటీ దిగగానే వెంటబెట్టుకుని పోదామని మధ్యాహ్నం కంపెనీ గేటు దగ్గరకు వెళ్ళాను. క్యాంటీన్‌లోనే మొహం కడుక్కుని, కొత్త పట్టుచీర కట్టుకుని వచ్చింది.

జోగిపేట పోవాలంటే ఎక్కాల్సిన సంగారెడ్డి బస్సు ఆగేది హైవేకు అవతలి పక్క.

ఆ హైవేను కాలినడకన దాటిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. కార్లు, కంపెనీ బస్సులు, టిప్పర్లు, కంటైనర్లు తెంపులేకుండా వస్తుంటాయి. మధ్యలో డివైడర్, దాని మీద గన్నేరు చెట్లు, ఇనుప కంచె. దాటేందుకు దగ్గర్లో మరో దారి లేదు. కంచెలో ఒకచోట ఎవరో ఊచలు కోసి సందు చేశారు. షిఫ్టు వదిలితే అందరూ ఆ సందులోంచే దూరి పోతారు. ఆ రోడ్డు మీద చనిపోయిన వాళ్ళ గురించి నేను ఎన్ని సింగిల్ కాలమ్ వార్తలు రాశానో గుర్తులేదు. రోడ్డు దాటుతుండగా, గుర్తు తెలియని వాహనం, గుర్తు తెలియని మహిళ. ఊరు కాని ఊరికి కూలికి వచ్చిన వాళ్ళు కొందరు చివరిదాకా అలాగే మిగిలిపోయేవారు.

అందుకే అక్కడి వర్కర్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒంటరిగా ఎవరూ దాటరు. గుంపు కట్టి, ఒకరి వెనక ఒకరు వరుసగా పోతారు. ముందున్న మనిషి చెయ్యెత్తి బండ్లను ఆపుతాడు. ముందువాళ్ళు దాటగానే డ్రైవర్లు బండి ఉరికిస్తారు కాబట్టి, దెబ్బ తగిలేది ఎప్పుడూ వెనకవాళ్ళకే. అందుకని ఆఖరున వచ్చే మనిషి ఒడ్డెక్కి 'అయింది' అని కేక వెయ్యాలి. ఆ కేక వినబడేదాకా ముందువాడు బండ్ల ఎదుటే నిలబడాలి, చెయ్యి దించకూడదు.

ఆ రోజు ముందు నిలబడ్డది నర్సింలు. చిట్కుల్ మనిషే. ఒకప్పుడు సొంత సేద్యం, ఇప్పుడు కంపెనీలో లోడింగ్. పచ్చ హెల్మెట్ చేతిలో పైకెత్తి పట్టుకుంటాడు.

"ఏందక్కా, పెండ్లిబిడ్డ లెక్క తయారైనవ్! గీ చీర సూసి లారీలు వాటికవే ఆగుతయి. ఇగ నా హెల్మెట్ ఎందుకు?" అన్నాడు.

"ముందు సూసి నడువుర అయ్యా. నా చీర సంగతి నీకెందుకు?" అంది అక్క.

"పేపర్ సారు గూడ ఉన్నడు. ఇయ్యాల మనల్ని గుద్దితే ఫోటోతోని పడుతది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొదటి సగం తేలిగ్గానే దాటి డివైడర్ ఎక్కాం. అక్కడ చిక్కుకుపోయాం. ముందు బండ్లు, వెనక బండ్లు. నిలబడే జాగా పాదాలు పట్టేంత. కంటైనర్ పోయినప్పుడల్లా వేడిగాలి మొహానికి కొట్టి, మనిషి తనకు తెలియకుండానే వెనక్కి ఒరుగుతాడు. వెనక కూడా అదే గాలి. నర్సింలు హెల్మెట్ ఎత్తుతున్నాడు, ఒక్కడూ ఆగడం లేదు. ఒక కారతను కిటికీ దించి మరీ తిట్టి పోయాడు. వెనక్కి పోదామన్నా ఇక దారి లేదు. అప్పటిదాకా ఆ రోడ్డును నేను ఒడ్డు మీద నుంచి చూసి రాసినవాణ్ణే. దాని నడుమ నిలబడటం అదే మొదలు.

"తమ్మీ, నువ్వు నర్సింలు ఎనుక నడువు. నేను నిమ్మలంగ వస్త" అని అక్క నన్ను ముందుకు తోసింది.

ఎట్టకేలకు ఒక బస్సు నెమ్మదించింది. నర్సింలు దాని ముందుకు దూకి హెల్మెట్ ఊపాడు. "నడువుండ్రి, జల్దీ!"

ఉరికి ఒడ్డెక్కాం. నర్సింలు రోడ్డు మీదే ఉన్నాడు. బస్సు పక్కనే టిప్పర్ ఆగింది, వెనక హారన్లు. బస్సు అంగుళం అంగుళం ముందుకు జరుగుతోంది. 'అయింది' అన్న కేక రాలేదు.

"ఎనుకోళ్ళు ఎవరుర? నోట్లె ఏం బెట్టుకున్నరు?" అని అరిచాడు నర్సింలు. తల తిప్పి చూశాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. అందరూ వచ్చేశారనుకుని హెల్మెట్ సగం దించాడు.

అప్పుడు వినబడింది.

"ఆగుండ్రి! ఇంకున్నరు!"

ఆడగొంతు. డివైడర్ వైపు నుంచి. హారన్ల మధ్య కూడా స్పష్టంగా వినబడింది. నర్సింలు చెయ్యి మళ్ళీ పైకి లేచింది.

నేను పక్కకు చూశాను. అక్క లేదు. వెనక చూశాను. అక్కడా లేదు. రోడ్డు మీదికి దిగబోతే నర్సింలు ఖాళీ చేత్తో నా చొక్కా పట్టి ఆపాడు. "నువ్వు బోతే నిన్ను గుద్దుతరు సార్, ఆగు!"

గన్నేరు చెట్ల పక్క నుంచి అక్క లేచింది. చీర ఎత్తిపట్టుకుని, మోకాలి నొప్పితో ఒక పక్కకు ఒరుగుతూ, బస్సు ముందు నుంచి నడిచి వచ్చింది. ఆమె ఒడ్డెక్కి నా చెయ్యి పట్టుకున్న తర్వాత ఆ గొంతే మళ్ళీ వినబడింది.

"అయింది! పోనియ్యిండ్రి!"

నర్సింలు హెల్మెట్ దించి ఇవతలికి దూకాడు. బండ్లు గోడలా కదిలాయి.

ఆ కేక ఒడ్డు మీద నుంచి రాలేదు. అవతలి నుంచి, డివైడర్ మీద నుంచే వచ్చింది. ఈ సంగతి మొదట తట్టింది నర్సింలుకు. "ఆఖరు మనిషి రాకుండనే అయిందంటదేంది? ఎవరామె?" అన్నాడు.

అక్క అప్పుడు చెప్పింది. కోసిన ఊచకు కుచ్చిళ్ళు చిక్కుకున్నాయట. లాగితే రాలేదు. కూర్చుని తీద్దామన్నా రాలేదు, అరిస్తే హారన్లలో ఎవరికీ వినబడలేదు. అప్పుడు పక్కన ఒకామె వంగి కుచ్చిళ్ళు విడిపించిందట. తలకు గుడ్డ కట్టుకుని ఉందట. మొహం అక్క సరిగా చూడలేదు.

"'నీ ఎనుక ఎవరన్న ఉన్నరా' అన్నది. లేరన్న. 'అయితే నువ్వు నడువు, నేనుంట' అన్నది. నా ఎంబడే వస్తదనుకున్న తమ్మీ."

బండ్లు పలచబడేదాకా అక్కడే నిలబడ్డాం. ఆ మనిషి అవతలికి వెళ్ళిపోయిందేమోనని నేను అటువైపే చూస్తున్నాను. అటు పక్క కూడా తెరిపి లేకుండా బండ్లు పోతూనే ఉన్నాయి. సందు దొరికాక చూస్తే డివైడర్ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీ. గన్నేరు చెట్లు పలచగా ఉన్నాయి, మనిషి దాక్కునేంత గుబురు లేదు.

వరుసలో ఆఖరున వచ్చింది ఒడిశా నుంచి కొత్తగా పనికి వచ్చిన యువకుడు. అక్క వంగితే చెప్పు సర్దుకుంటోందనుకుని పక్క నుంచి వచ్చేశాడట. కేక వెయ్యాలన్న పద్ధతి అతనికి ఎవరూ చెప్పలేదు. అక్క దగ్గర వేరే ఆడమనిషిని చూశావా అని అడిగాను. "కోయీ నహీ థా అంకల్. ఆంటీ అకేలీ థీ" అన్నాడు, ఎవరూ లేరు, ఆంటీ ఒక్కతే ఉందని. గొంతు మాత్రం అతనూ విన్నాడు. అందరం విన్నాం.

బస్సులో అక్క చీర అంచు చూశాను. కోసిన ఊచకు తగిలిన పట్టుచీర చిరగాలి, కనీసం పోగు లేవాలి. ఏమీ లేదు.

తర్వాత రెండుమూడు సార్లు ఆ చోటికి వెళ్ళి అడిగాను. పాన్‌డబ్బా అతన్ని, గేటు వాచ్‌మన్‌ను, క్యాంటీన్ ఆడవాళ్ళను. తలకు గుడ్డ కట్టుకున్న మనిషి అంటే అక్కడ సగంమంది ఆడకూలీలు అలాగే ఉంటారు. ఫలానా ఆమె అని ఎవరూ చెప్పలేకపోయారు. నా పాత వార్తల్లో వెతుకుదామా అనుకుని మానుకున్నాను. పేర్లు లేని వార్తల్లో ఏం వెతకాలి?

అక్క పని మానలేదు. మానితే నడవదు. రోజూ అక్కడే దాటుతుంది. అయితే ఇప్పుడు వరుసలో ఆఖరు మనిషి ఆమే, ఆ చోటు ఎవరికీ ఇవ్వదు. మొన్న నేను వాళ్ళతో కలిసి దాటాను. ఒడ్డెక్కాక అక్క కేక వెయ్యలేదు. డివైడర్ వైపు తిరిగి, "నువ్వు గూడ రావమ్మా" అంది. నర్సింలు హెల్మెట్ ఎత్తే ఉంచాడు. డ్రైవర్లు తిడుతున్నారు. అందరం ఖాళీ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాం.

తర్వాత అక్క "అయింది" అంది. బండ్లు కదిలాయి.

ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మనిషి మాత్రం ఇవతలికి రాలేదు.