పేరు చెక్కించిన కంచం

కాకినాడలో జపాన్ హాట్‌పాట్ హోటల్ కొత్తగా తెరిచారని 2007లో ఇంటిల్లిపాదీ వెళ్లాం. బల్ల మధ్య ఒకే గిన్నెలో సూప్ మరుగుతోంది. రొయ్యలు, కూరముక్కలు అందులో ఉడికించుకుని, ఎవరి చెంచాతో వాళ్లు తీసుకు తినాలట. మా మరిది మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటి శ్రీనూ, తినవా?" అన్నాను.

"మీరంతా కానివ్వండి వదినా. నేను ఆఖర్న తింటాను."

అతనికి టీబీ పూర్తిగా నయమైందని డాక్టరుగారు చెప్పి ఏడాది దాటింది. అయినా ఇంట్లో అతని కంచం విడిగానే ఉంచుతున్నాను. పొరపాటున కలవకూడదని దాని మీద పేరు చెక్కించింది కూడా నేనే. అతను ఒక్కనాడూ ఇదేంటని అడగలేదు.

"ముందు నువ్వు తిను," అని చెంచా చేతికిచ్చాను. అతను తిన్నాక, అదే చెంచాతో నేనూ తిన్నాను.

ఇవాళ్టికీ నేను అన్నం తినేది శ్రీను పేరున్న ఆ కంచంలోనే.